తలూపుడు

యాకుత్‌పురా స్టేషన్ వెనక మా బడి.
లోకల్ రైలు పోతుంటే
డబ్బాలో సుద్దముక్కలు కదుల్తాయి.
ఎనిమిది వారాల శిక్షణకని
కిసుము నుంచి వచ్చింది అచియెంగ్.
మిట్టమధ్యాహ్నం పుట్టిందట, పేరుకు అర్థమదేనట.
రెండోరోజుకే మా పిల్లలు ఆమెను
దోపహర్ టీచర్ చేసేశారు.

మొదటి పాఠం భిన్నాలు.
బోర్డు మీద గుండ్రాలు గీసి, కోసి, రంగులద్ది
అర్థమైందా అనడిగింది.
నలభై మూడు తలలు
ఎడమకీ కుడికీ ఊగాయి.
కాదంటున్నారనుకుంది పాపం.
మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.
మళ్లీ ఊగాయి.

వెనక బెంచీలో కూచుని
ఆమె రికార్డులో మార్కులేస్తున్నది నేనే.
ఒక్క మాట చెప్పొచ్చు,
ఇక్కడ అట్లా ఊపితే ఔననమ్మా అని.
చెప్పలేదు.
నిజానికి నవ్వాపుకుంటున్నాను.

మూడోసారి కాగితం మడిచింది.
నాలుగోసారి గల్లీ చివర భట్టీ నుంచి
నాలుగు మూలల నాన్ తెప్పించి తుంచింది.
ఐదోసారికి
కిటికీ పక్క షాహీన్ లేచి నిలబడింది.
నా ప్రతి పాఠానికీ
అందరికన్నా ముందు తలూపే పిల్ల.
"దో సే చార్ బడా హై నా టీచర్,
మరి అరకన్నా పావు చిన్నదెట్లయితది?"

ఎవరూ నవ్వలేదు.
నాన్ ముక్క చేతిలో పట్టుకుని
అందరూ అచియెంగ్ వైపే చూస్తున్నారు,
ఆ ప్రశ్న తమదే అన్నట్టు.

పంతొమ్మిదేళ్లు.
ఆ ఊపును పచ్చజెండా అనుకుని
ఎన్ని పాఠాలు ఆగకుండా దాటించానో.

సాయంత్రం స్టాఫ్‌రూములో చాయ్.
మా దగ్గరా చాయే అంది.
పుస్తకాన్ని కితాబు అంటారట,
లోకాన్ని దునియా.
బల్ల మీది పెన్ను తీసి చూపించి
కలము, అంది.
అచ్చం మా నాయన అన్నట్టే,
చివరి ముకారంతో సహా.
నాకేం మాట్లాడాలో తోచక
ఇంకో కప్పు పోశాను.

వెళ్లేరోజు రికార్డు సంతకానికి తెచ్చింది.
"నా పొరపాట్లు" అన్న గడిలో
గుండ్రటి అక్షరాలతో రాసుకుంది:
పిల్లలు తలూపడాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాను.
కొట్టేద్దామని ఎర్రపెన్ను తీశాను.
ఏ గడిలోకి మార్చాలో తెలియక
సంతకం పెట్టి ఇచ్చేశాను.

ఈ సోమవారం దశాంశాలు.
చెప్పాను. తలలూగాయి.
జేబులో ఇరవై రూపాయలు పెట్టి
ఇక్రామ్‌ని నాన్ తెమ్మని పంపాను.