వెనక తేదీ

మార్కాపురంలో మాది నాలుగు రంపాల షెడ్డు.
కంభం రోడ్డులో, కాటా దాటినాక ఎడంచేతి వైపు.
పొద్దున్నే తలుపు తీస్తే ముందు దుమ్ము లేస్తుంది,
తర్వాతే మేం.

వినాయక చవితి మర్నాడు ఒక కవరు వచ్చింది.
పలకరాయి మీద కొత్త సుంకం.
చట్టం చేసింది మొన్న శ్రావణంలో,
అమల్లోకి వచ్చింది మాత్రం
ఆరేళ్ల కిందట.
నేను రెండుసార్లు చదివాను.
గుమాస్తా చెన్నకేశవులు కళ్లజోడు తుడుచుకుని
మూడోసారి చదివాడు.
"అచ్చుతప్పేమో వదినా" అన్నాడు.
కాదు. అచ్చు బాగానే ఉంది.
తప్పే అచ్చయింది.

ఆరేళ్ల కిందట అమ్మిన పలకలు ఇప్పుడెక్కడని వెతకను?
వాటి మీద అఆలు దిద్దిన పిల్లలకు
గొంతులు మారుతున్నాయి.
డజనుకింతని ఇవాళ వసూలు చెయ్యాలంటే
ఏ బడి గేటు దగ్గర నిలబడను?
నంద్యాల షావుకారు పోయాడు.
ఆయన కొట్లో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

పన్నుల ఆఫీసు ఎదురుగా డేరా వేశాం,
ముప్పై ఏడు షెడ్లవాళ్లం.
రోజుకు ఐదుగురు పస్తు.
మెళ్లో తలా ఒక పలక, దాని మీద కట్టమన్న మొత్తం.
పదకొండో రోజు నా వంతు.
గాలెయ్య మైకు పట్టుకుని
"పలక తుడిపించి, తర్వాత లెక్క మార్చి,
తప్పు చేశావని కొట్టే అయ్యోరు
యాడన్నా ఉంటాడా?" అంటే
చప్పట్లకు డేరా గుంజలు కదిలాయి.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు.
ఎండగా ఉందని మంచినీళ్ల క్యాను పంపాడు.
"నా చేతిలో ఏముందమ్మా, పైనుంచి వచ్చింది" అన్నాడు.
అయ్యా, మా క్వారీలోనూ పైనుంచే వస్తుంది.
కాకపోతే ముందు కేక పెడతాం,
కింద మనిషి పక్కకు జరిగాకే రాయి దొర్లిస్తాం.
మీరు ఆరేళ్ల కిందటే రాయి పడిందంటున్నారు,
కేక ఇప్పుడు పెడుతున్నారు.

సాయంత్రం పోలయ్య వచ్చాడు.
మా మూడో రంపం మీద పద్నాలుగేళ్లుగా ఉన్నవాడు.
గుంజకు ఆనుకుని కాసేపు విన్నాడు.
"అక్కా, చట్టం ఎనక్కి కూడా నడుస్తదంట గదా.
నా కూలి పెంచింది మొన్న ఉగాదికి.
దాన్ని గూడా ఆరేళ్ల కాణ్ణుంచి నడిపియ్యరాదా?"
నవ్వుతూనే అన్నాడు.
నవ్వు సగంలో ఉండగా దగ్గు వచ్చింది.
ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగలా.
గాలెయ్య మైకు కట్టేశాడు,
అది గరగరమంటోందని.

రాత్రి పాత చిట్టాలు దించాను,
వకీలు అడిగిన రసీదుల కోసం.
చెదలు తినగా మిగిలిన ఒక పేజీ అంచున
నా చేతిరాతే,
"రంపాల కాడ పనోళ్లకు ముక్కుగుడ్డలు, మంచివి.
వచ్చే నెల."
తేదీ చూశాను.
ఆరేళ్ల కిందటిదే.
ఆ వచ్చే నెల ఇంకా రాలేదు.

రేపు ముప్పై ఏడు పలకలు
రిజిస్టరు పోస్టులో రాజధానికి వెళ్తాయి.
నాది ఇంకా ఖాళీగానే ఉంది.
కట్టం అని రాయాలి. రాస్తాను.
నిన్నటి నడకకు ఇవాళ టోలు అడిగితే
ఎవరు మాత్రం ఊరుకుంటారు?
ఆ మాటలో నాకు అనుమానం లేదు.

కానీ బలపం చేతికి వచ్చాక
పక్కనున్న చట్రం ఊడిన పలక తీసుకున్నాను.
పోలయ్య రోజుకూలి, ఆరేళ్లు, ఆదివారాలు పోను.
కూడాను. తప్పు వచ్చింది.
మళ్లీ కూడాను.
వేలు తడిచేసుకున్నాను గానీ
తుడవలేదు.