ఉప్పు తిన్నవాళ్ళం

మా చెల్లెలు ఒతీలియా
మూడు రాత్రులు కన్ను మూయకుండా
మేకల దొడ్డి గోడలన్నిటికీ నీలం రంగు వేసింది.
నాలుగో పొద్దున చర్చి గంట గోపురం ఎక్కి
ఎదురుగా ఉన్న లాస్కార్ అగ్నిపర్వతంతో బేరం పెట్టింది:
పొగ కిలో ఎంతకిస్తావని.

తొకొనావో ఊరంతా నవ్వింది.
నేనూ నవ్వాను, ఒప్పుకుంటాను.
తనంత అందంగా మాట్లాడగా
అంతకుముందెప్పుడూ వినలేదు.

దాచుకున్న పెసోలన్నీ పెట్టి
పన్నెండు కుట్టుమిషన్లకు కబురు పంపింది.
లారీ వచ్చి మిషన్లు దిగే రోజుకి
మనిషి మంచం దిగడం మానేసింది.
ద్రాక్ష కోతలు అయిపోయాయి.
పెట్టిన కీన్వా గంజి పెట్టినచోటే తొరక కట్టింది.
"ఏడుపైనా రావట్లేదన్నా,
ఏడవడానికి లోపల ఎవరో ఒకరుండాలిగా"
అంది, గోడతో.

కారణాలు మాత్రం ఇంటింటికీ పండాయి.
గాలి సోకిందంది పక్కింటి ఫౌస్తినా.
ఆగస్టులో భూమాతకు కోకా ఆకు పెట్టలేదన్నాడు పెదనాన్న.
కాలామా కుర్రాడు వదిలేసినందుకే అనుకున్నాను నేను.
ఏం పాపం చేసిందో,
ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగాల్సిందేగా
అని గొంతు తగ్గించారు మిగతావాళ్ళు,
మాకు వినబడేంత మాత్రమే తగ్గించారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అమ్మమ్మ గురించి అడిగింది.
హుషారుగా చెప్పాను:
మా దోమితిలా పెళ్ళిళ్ళలో
మూడు రోజులు ఆగకుండా ఆడేదని,
చలికాలమంతా గోడవైపు తిరిగి పడుకునేదని,
మా ఇంట్లో అందరినీ నవ్వించే కథ అదేనని.
డాక్టరమ్మ నవ్వలేదు.
ఆవిడ కలం ఆగిన చోట
నలభై ఏళ్ళ నవ్వు నా గొంతులో అడ్డం పడింది.

"రక్తంలో కొంత వాలు ఉంటుంది.
వాలున్నంత మాత్రాన నీళ్ళు పారవు,
పైన ఎక్కడో వాన పడాలి.
నిద్రలేని రాత్రులు, ఒక దెబ్బ, ఒక చావు.
ఒక్కోసారి ఏ మబ్బూ లేకుండానే.
ఎవరి తప్పూ కాదు" అని
చీటీ మీద మందు పేరు రాసింది.
లిథియం.

తొమ్మిదేళ్ళుగా నేను చేసే పనే అది.
సలార్ కింది ఉప్పునీటిని తోడి మడుల్లో నింపుతాం.
ఏడాదిన్నర పాటు ఎండ తాగుతుంది.
నీలం ఆకుపచ్చవుతుంది, ఆకుపచ్చ పసుపవుతుంది,
తొందరపెడితే ఏదీ అవదు.
అదంతా ఎక్కడో కార్లు నడపడానికి పోతుందనుకున్నాను.
చిటికెడు మా వంటింటి అలమరలోకి
వస్తుందని ఎవరు చెప్పారు?
ఈ మడిదో కాదో తెలీదు,
అడిగినా ఎవరూ చెప్పలేరు.

తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషం.
మధ్యలో ఉన్నది మేకపిల్ల నడిచే గట్టంత దారి.
అందుకే నెలలు లెక్కపెట్టి రక్తపరీక్ష.
చేతులు వణికి టీ సాసర్‌లోకి ఒలుకుతుంది.
ఒకసారి మానేసింది కూడా, నాకు చెప్పకుండా.
"రంగులు తగ్గిపోయాయన్నా" అంది.
నేనేమనగలను, ఆ రంగులు నేనూ చూశాను.
మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ మొదటి మడి నుంచి.

ఇప్పుడు నర్సు ఇచ్చిన నోట్‌బుక్‌లో
రోజూ పడుకున్న వేళ, లేచిన వేళ, మనసు ఎంత ఎత్తులో ఉందో
ఒకటి నుంచి పది దాకా వేసుకుంటుంది.
ఊరి పండగనాడూ పదింటికి దీపం ఆర్పేస్తుంది.
వారానికోసారి బస్సెక్కి పోయి
ఇలాంటివే మోస్తున్న నలుగురితో మాట్లాడి వస్తుంది.
కూరలో ఉప్పు తగ్గించొద్దు, నీళ్ళు మరవొద్దు
అని గోడకంటించిన కాగితం చూసి
మొన్న గట్టిగా నవ్వింది:
"ఊరి శాపాన్నే మందుచీటీగా రాశారు చూడు!"

పదకొండు మిషన్లు అమ్మేశాం.
పన్నెండోది చప్పుడు చేస్తూనే ఉంది.
దొడ్డి గోడ నీలంగానే ఉంది,
ఇక్కడ వానలు లేవు కడగడానికి.

నిన్న రాత్రి షిఫ్టు నుంచి వచ్చాను.
రెండు రాత్రులుగా నాకూ నిద్ర లేదు,
అయినా ఒళ్ళంతా తేలిగ్గా, మాటలు వాటంతటవే వస్తున్నాయి.
పని వల్లే అన్నాను.
ఒతీలియా నా మొహంలోకి చూసింది.
ఏమీ అనలేదు.
నోట్‌బుక్ వెనకనుంచి తిప్పి
ఖాళీ పేజీ తీసి
వణికే చేత్తో పైన నా పేరు రాసింది.