ఇస్త్రీపెట్టె కింద మంచు

బట్ట కానిది ఒక్కటే
ఏటా డిసెంబర్‌ల నా బండి మీదికొస్తది:
రెండు కట్టె పలకలు.
ఆరడుగుల పైనే. ముందు కొస పైకి లేచి
పాత చెప్పు ముక్కు లెక్క.

లాల్‌బజార్ మలుపు, మిలిటరీ గోడ పక్క.
చింతకింది యాకూబ్ సుబేదార్
చెరో సంకల ఒకటి పెట్టుకొని వస్తడు.
"రాజమల్లూ, పెట్టె మరీ కాగనియ్యకు.
పట్టుచీరకు పెట్టే వేడి చాలు."

మైనం బిళ్ళ పెట్టెకు ఆనిస్తడు.
చుక్క. చుక్క. పలక పొడుగునా.
నేను రుద్దుత.
బొగ్గుల వాసనల దేవదారు వాసన కలుస్తది.
అప్పుడు మొదలుపెడ్తడు,
ఏడాదంతా మాట్లాడనిదంతా.

స్కీ అంటే చీల్చిన కట్టె అట, ఆ దేశపోళ్ళ పాత భాషల.
ఉత్తరాన ఒక బండ మీద చెక్కిన మనిషున్నడట,
వేల ఏండ్ల సంది జారుతనే ఉన్నడట,
ఇంకా కిందికి చేరలేదట.
ఒక కాలుకు పొడుగు పలక, ఒక కాలుకు పొట్టిది
కట్టుకున్న కాలం గూడ ఉండెనట,
పొట్టిదానితోని తన్నుడు, పొడుగుదాని మీద సాగుడు.
మా నాయిన కుంటుకుంటనే రేవుకు పోయేటోడు.
నాకు అది తెల్వంది కాదు.

కౌలు రైతు ఒకడు, పూట గడవనోడు,
చెట్టు వేర్లు మెలిపెట్టి మడిమె చుట్టూ కట్టుకున్నడట.
మడిమె నిలిచింది. మనిషి గాలిల ఎగిరి
మళ్ళ భూమి మీద నిలబడ్డడు.
"రాజులు కనిపెట్టలే ఇది.
ఉత్తరాలు మోసేటోళ్ళు, వేటగాళ్ళు,
కట్టెలకు పోయినోళ్ళు..."
ఆడోళ్ళను మాత్రం కొండ మీదికెళ్ళి దుంకనియ్యలేదట
మొన్న మొన్నటిదాక, కడుపు చెడ్తదని.
మా బాలవ్వ నెత్తి మీద మూటతోని
మూడంతస్తులు ఎక్కి దిగింది, ఏడో నెలల గూడ.
పెట్టె ఆపి నవ్విన.
ఆయన నవ్వలే.

గెలిచినోళ్ళ సంగతి చెప్పు సార్, అన్న.
సెకనును నూరు ముక్కలు చేస్తే
అందుల ఒక్క ముక్క కాడ గెలిచినోళ్ళే అంతా, అన్నడు.
మరి నువ్వు?

బొగ్గులు చల్లారుతున్నయి. ఊదిన.
"ఎనభై నాలుగు. గుల్మార్గ్. రెజిమెంట్ల పోటీ.
పొద్దున పొడి మంచు. దానికి తగ్గ మైనం పూసిన.
నా నంబర్ వచ్చేసరికి ఎండొచ్చింది.
మంచు తడిసింది. పలకను పట్టి గుంజింది.
గుండీ పెట్టుకునేంత సేపు. అంతే.
నాలుగోవాని పేరు ఎవడు రాసుకుంటడు?"

నిరుడు ఏప్రిల్‌ల, పొద్దుమీకి,
ఆకాశం మాడిన చొక్కా రంగుకు తిరిగింది.
ముందు రేకుల మీద రెండు రాళ్ళు.
తర్వాత లెక్క లేదు.
ఆటోలు ఆగినయి. ఎక్కడోళ్ళక్కడ షటర్ల కిందికి.
పావుగంటల లాల్‌బజార్ వాలంతా
కొత్త దుప్పటి పరిచినట్టు, ఒక్క ముడత లేకుండ.

గేటు తోసుకొని వచ్చిండు.
లుంగీ మీద మిలిటరీ బూట్లు. కాళ్ళకు పలకలు.
అరవై ఎనిమిదేండ్ల మోకాళ్ళు వంచిండు.
"సీటీ కొట్టు!"
సీటీ యాడిది? రెండు వేళ్ళు నోట్లె పెట్టిన.

ఏడడుగులు.
తర్వాత నా పాదంతోని కొలిచిన.
చేతులు వెనక్కి, లుంగీ జెండా లెక్క,
కల్లు కంపౌండ్ ముందటి మ్యాన్‌హోల్ మూత కాడ
గర్రున గీసుకొని ఆగిండు.
షటర్ కిందికెళ్ళి ఎవరో చప్పట్లు కొట్టిన్రు.
ఎవరో ఫోన్ తీసిన్రు, తీసేసరికి
రోడ్డు మళ్ళ రోడ్డే.
రెండు గీతలు మాత్రం కొంచెంసేపు ఉండె,
పక్కపక్కన, ప్యాంటు మడతల్లెక్క.

"ఎంత టైము?" ఆయాసంతోని అడిగిండు.
నాకు గడియారం లేదు.
"గుండీ పెట్టుకునేంత సేపు ముందే వచ్చినవ్ సార్."

ఆ రాత్రి పలకలు ఆరబెట్టి మళ్ళ మైనం పూసినం.
తెల్లారి కల్నల్ సాబ్ చొక్కా మీద పసుప్పచ్చ మరక,
పెట్టె అడుగు నేను సరిగ్గ తుడవలే.
ఆయన వాసన చూసి, ఏందిది అన్నడు.
దేవదారు, అన్న.
పది రూపాయలు పట్టుకున్నడు.