రెండు గంటలు

ఆత్మకూరు నుంచి నెల్లూరికి
ఎన్ని స్టేజీలో ఎవురైనా చెప్తారు.
ఎన్ని మరుగుదొడ్లో అడగండి, నేను చెప్తా.
నెల్లూరుపాళెంలో ఒకటి, నీళ్ళుండవు.
సంగంలో పెట్రోలు బంకు వెనక,
ఆ పూట డ్యూటీలో ఉన్న కుర్రాడు మంచోడైతే.
బుచ్చిలో కోటమ్మ హోటలు,
దాని రెండో తాళంచెవి నా టికెట్ల సంచిలోనే ఉంటుంది.
దామరమడుగు దాటాక పెన్న బ్రిడ్జి.
బ్రిడ్జి మీద ఏమీ లేదు,
పళ్ళు బిగబట్టడం తప్ప.

పదకొండేళ్ళ కండక్టరుని, ఆరేళ్ళ రోగిష్టిని.
నెత్తురు పడితే మొదట మొలలన్నారు,
వేడి చేసిందని సబ్జా గింజలు తాగించారు.
గొట్టం వేసి చూసినాక పేరు తెలిసింది, క్రోన్స్.
ఊరి పేరు లాగుంది,
నేనెప్పుడూ టికెట్ కొట్టని ఊరు.

"బయటి దొంగ కాదు మస్తానమ్మా,
నీ కాపలావాళ్ళే నీ పేగుని దొంగనుకొని కొడతా ఉండారు"
అంది డాక్టర్ షాహిదా.

స్టెరాయిడ్లకి మొహం బన్నులా పొంగింది.
"ఈ కార్డు మీద ఫోటో నీదేనా?" అన్నాడు చెకింగాయన.
మొదటి ఇంజెక్షను పద్నాలుగు నెలలు పనిచేసింది,
తర్వాత ఒళ్ళు దాన్ని కూడా దొంగ కింద జమకట్టింది.
రెండోది, ఎనిమిది వారాలకోసారి డ్రిప్పు,
పదిసార్లని నాలుగు చేసింది.
నాలుగు తక్కువేం కాదు,
ఆ నాలుగూ బ్రిడ్జి మీద రాకుంటే.

అప్పుడంది, రెండు మందులూ కలిపి చూద్దామని.
"డ్రిప్పు గుమ్మంలో నిలబడి
కొత్తోళ్ళని పేగులోకి ఎక్కనీదు.
మాత్ర, లోపలున్నోళ్ళ ఫోన్లు లాక్కుంటుంది,
ఒకరినొకరు పిలుచుకోలేరు.
ఎక్కువమందిలో చూసింది కాదు.
కొందరికి బాగుంది, కొందరికి లేదు. హామీ ఇవ్వను."
హామీలు ఇచ్చినోళ్ళని చానామందిని చూశా.
ఈమె ఇవ్వనంది, అందుకే నమ్మినా.

టీబీ పరీక్ష, ఛాతీ ఫిల్ము, సర్పికి టీకా.
కాపలాని మరీ నిద్రపుచ్చితే
అసలు దొంగ వస్తాడంట.
డెబ్బైమంది దగ్గే బస్సులో
నేను మాస్కు కట్టుకుని "టికెట్, టికెట్" అంటా.

ఆఫీసులో గుమాస్తా ఫైలు మూశాడు.
"ఒక రోగానికి ఒక ఖరీదు మందే.
ఒక టికెట్ మీద ఇద్దరెట్టా ఎక్కుతారు?"
"చంకన బిడ్డతో ఎక్కుతారు సార్, రోజూ చూస్తా."
నవ్వలేదు.
ఫైలు పోయింది, వచ్చింది, మళ్ళా పోయింది,
శ్రావణం పోయి కార్తీకం వచ్చింది.

పొగతోటలో మూడో అంతస్తు.
చుక్క చుక్కగా రెండు గంటలు.
కింద రోడ్డు మీద ఎవరిదో బస్సు.
ఒక గంట కొడితే ఆగు, రెండు కొడితే పో.
ఇన్నేళ్ళూ ఒక్కో మందూ ఒక్కో గంటే కొట్టింది,
నేను ఆగినా, దిగినా, పరిగెత్తినా.

మొన్న పరీక్షలో అంకె
పద్దెనిమిది వందల నుంచి మూడు వందల పదికి దిగింది.
"ఇంకా దిగాల" అంది డాక్టరు, పేపరు మీంచి తల ఎత్తకుండా.

మంగళవారం
చిల్లర కోసం ఒక మిరపకాయల వ్యాపారితో తగువులో ఉన్నా,
బస్సు నెమ్మదించింది.
చూస్తే సంగం, బంకు.
పెంచలయ్య అద్దంలోంచి నన్నే చూస్తా ఉండాడు,
ఆరేళ్ళుగా నేను అడక్కుండానే
అక్కడ బ్రేకు మీద కాలు పెట్టే మనిషి.
తాడు లాగినా. రెండుసార్లు.

భుజం మీద చిన్న ఎర్రమచ్చ ఉంది,
గురువారం చూపించుకోవాల.
కోటమ్మ తాళంచెవి
ఇంకా తిరిగివ్వలేదు.