కూకున్న ఫిడేలు

కంటోన్మెంటు సర్చిలో కాలితో తొక్కే ఆర్గను
మూగబోనాదని సలోమి టీచరు కబురెట్టింది.
మూడు లాంతర్ల కాడ కొట్టుకి తాళమేసి
సైకిలు మీద ఎల్లేను.

ఎనక సెక్క ఇప్పితే ఎలకల గూడు.
గూట్లో సగం కొరికేసిన కాయితం,
కింది వరస సుక్కలూ, ఆటి అడుగున అంకెలూ:
ఆరు, నాలుగు, ఏడు.
"సీటీ పాట లెక్కేటి టీచరుగారూ?"
నవ్వింది.
"పాట లెక్కే గురవయ్యా, మూడొందల ఏళ్ళ నాటిది.
కింది స్వరం రాసిస్తారు. పైన ఏం కట్టాలో అంకె చెబుతుంది.
మిగతాది వాయించేవాడి చేతిలో ఉంటుంది."

తిత్తి తోలుకి బంక రాసినంతసేపూ
ఆ దేశాల కబుర్లే సెప్పింది.
ఒక్క దేవుడికే రెండు గుడులైపోనాయట.
జనం ఆళ్ళ మాటల్లో ఆళ్ళే పాడాలన్నారట ఒకలు,
కమ్మరోడూ, పాలమ్మీదీ, అందరూ.
అటుపక్కోళ్ళు ఊరుకుంటారేటి?
ఉన్న జనం జారిపోకుండా
గోడలకి బంగారం పూసి
బూరల్నీ ఫిడేళ్ళనీ మేడ వరండాలెక్కించి
ఇటో జట్టు అటో జట్టు,
సొర్గం ఇలాగే ఉంటాదని సెవుల్లో పోసీవోరట.

మరి ఆడది గుడిలో పాడకూడదంటన్నారు,
ఆ పై గొంతు ఎవలిది?
టీచరు కిటికీ కేసి సూసింది.
మగపిల్లల్నే
గొంతు ముదరకుండా
కోసీసీవోరట.
నా సేతిలో కత్తి ఆగిపోనాది.
ఆ పాట ఇని రాజులు కళ్ళు తుడుసుకునీవోరట!

తరవాత ముప్పై ఏళ్ళ యుద్ధం.
పాడీ కుర్రోళ్ళు కత్తికి కొందరు, తెగులుకి కొందరు.
జీతం అందని ఓ పాటలాయన
పెద్ద జట్టుకి రాయడం మానీసి
ఇద్దరికీ ముగ్గురికీ సాలినంత రాసేడట.
ఇది మాత్రం ఎవలూ నాకు ఇప్పి సెప్పక్కర్నేదు.
జూటు మిల్లు మూసిన యేడు
మా భజన జట్టు పన్నెండుమందిమి నలుగురం అయ్యేం.
కీర్తన అదే.
మేమే ముందనీవోళ్ళం, మేమే ఎనక అందుకునీవోళ్ళం.

ఇంకొకాయన కొలువు మారతానంటే
దొర నెల్లాళ్ళు కొట్లో ఎట్టించేడట.
అదీ కొత్త కాదు.

ఇంతకీ ఆ ఫిడేలు
అక్కడ రాజు ముందు నిలబడీదట, ఒకల భుజమ్మీద.
ఓడెక్కి, పటాలం ఎనకాల నడిసి
మా ఊరి కోటలోకొచ్చి
బాసింపట్టేసుకుని కూకుంది.
తల దించి, వాయించీవోడి కాలి మీద ఆన్చింది.
దించితే దించింది గానీ
దానికి తివాసీ ఏసేరు.

మా తాత బంగారయ్య సన్నాయి
పుట్టింది ఇక్కడే.
పల్లకీ ముందు నడిసింది, పెళ్ళి ముందు నడిసింది,
అమ్మోరి పండగనాడు ఎండలో నడిసింది.
కోటలో కచేరీ అయితే
గోడవతల సెవొగ్గి ఇనీవోడు.
ఫిడేలు మీద కోపం నేదు ఆడికి.
"అది మన గొంతు ఎంత బాగా పట్టీసిందిరా" అనీవోడు.
నువ్వెందుకు కూకోవు తాతా అంటే
"కూకుంటే ఊపిరి సాలదురా, సన్నాయికి నిలబడాల" అనీవోడు.
సచ్చీదాకా అదే మాట.

పొద్దు వాలేసరికి ఆర్గను నోరిప్పింది.
మొదట దగ్గు, తరవాత సొరం.
టీచరు ఆ కొరుకుడు కాయితం నిలబెట్టి
కింది వరస తొక్కింది,
అంకెలు పోయిన కాడ సొంతంగా కట్టింది.
"పైన నువ్వేదైనా అను గురవయ్యా."
నాకేటి వొస్తాది?
గుమ్మం కాడ నిలబడి
తాత ఊరేగింపు పాటే తీసేను.
కలిసిందా అంటే అక్కడక్కడ.

ఆవిడ ఆపకుండానే
కాలితో ముందు బల్ల నా కేసి జరిపింది.
"కూర్చో."

సేతులు లుంగీకి తుడుసుకుని
సర్చిలో, ముందు బల్ల మీద కూకున్నాను.
పాట అందుకున్నాను.
సాలింది తాతా,
ఊపిరి సాలింది.