ఉమ్ దఫ్రా జనాభా

తూర్పుకు పెట్రోలు బంకు, పడమటికి బోడగుట్ట.
నడుమ ఒక్కటే తొవ్వ, గాలి లేస్తె అదీ ఉండదు.
ఫలజు కాలువ ఎంతదూరం తడిపితే
అంతే ఊరు.

లెక్కలాయన వచ్చిండు.
ఇండ్లు నలభై రెండు.
ఒంటెల చెవులకు నంబర్లున్నయ్,
జల్ది తెమిలినయ్.
మా రేకుల షెడ్డు కాడ చెప్పులు విడువకుండనే
మంచాలు లెక్కవెట్టిండు: తొమ్మిది.

మేం పద్దెనిమిది.
రాత్రి డ్యూటీ గంగనర్సు లేస్తెనే
నాకు నడుము వాల్చ జాగ,
దిండు ఇంకా ఎచ్చగనే ఉంటది.
చెప్పబోయిన. పోశన్న చెయ్యి గిల్లిండు.
వీసా దాటినోళ్ళల్ల వాడొకడు.

ఊరి మొదట్ల కొత్త బోర్డు పడ్డది:
మూడొందల పదకొండు.
తందూరు కాడి గుల్‌జమాన్‌కు సదువు రాదు.
పొద్దుగాల ఎప్పటిలెక్కనే
మూడొందల ఇరవై రొట్టెలు కాల్చిండు.