రెండు రెక్కల లెక్క

బిద్యా ఊరు అయిపోయిన చోట ఇసుక మొదలవుతుంది.
ఆ అంచున ఒక జమ్మి. ఇక్కడ గాఫ్ అంటారు.
దాన్ని పోల్చుకోడానికి నాకెవరూ అక్కర్లేకపోయారు,
దసరాకు ఆకు తెంపిన చేతులివి.

కింద హమూద్ అర్బాబ్ తేనె పెట్టెలు, నలభై రెండు.
మార్చి ఆఖర్లో, పదిహేడో పెట్టె ముందర
తేనెటీగల పొట్టు కనిపించింది:
కాళ్లున్నాయి, రెక్కలున్నాయి, లోపల ఏమీ లేదు.
ఊదితే లేచిపోయింది.

పైన ఎండుపుల్ల మీద అది.
ఇసుకరంగు ఒళ్లు, తెల్లటి బుర్రమీసం,
కళ్ల రెంటి మధ్య నడినెత్తిన గుంట.
రెక్కల కొసలు మాత్రం
బొగ్గులో ముంచి తీసినట్టు.
గాల్లోనే తేనెటీగను పట్టి, మెడలో సూది దించి,
అదే పుల్ల మీదికొచ్చి
నేను చాయ్ తాగినంత నింపాదిగా తాగింది.

పగిలిన ఫోనుతో పదకొండు ఫోటోలు.
మూడింట్లో నా నీడ, నాలుగింట్లో ఉత్త పుల్ల,
ఒకదాంట్లో నా బొటనవేలు, చాలా స్పష్టంగా.
మిగిలిన మూడూ మస్కట్‌లో
పురుగుల డాక్టరమ్మ రహ్మాకు పంపాను.
ఎప్పుడో తేనెకొచ్చి నంబరిచ్చి పోయింది.

రాత్రి జవాబొచ్చింది, గొంతుతో.
ఆమె హిందీ, నా హిందీ
కుంటుకుంటూ వచ్చి మధ్యలో కలిశాయి.
"ముందు రెక్కలెన్నో చెప్పు."

నవ్వొచ్చింది.
తూనీగ, కందిరీగ, తేనెటీగ, జోరీగ,
మా భాష ఏనాడు రెక్కలు లెక్కపెట్టింది?
ముసిరిందల్లా ఈగే.
ఫోటో పెద్దది చేసి చూశాను. రెండే.
అయితే ఇది జోరీగ వంశం. తక్కిన మూడూ
నాలుగేసి రెక్కలతో
ఇన్నాళ్లూ ఇంకొకరి ఇంటిపేరు మోశాయి.

"దొంగ ఈగ," అంది. "కానీ ఏ దొంగ?"
మొహం పక్కనుంచి కావాలట.
రెక్కలో ఈనెలు అంచు దాకా పోయాయో
దారిలోనే ముడిపడ్డాయో కావాలట.
చెవులు రెండూ కనపడాలని నా మెడ తిప్పిన
ఆర్మూరు పాస్‌పోర్టు ఫోటోవాడు గుర్తొచ్చాడు.

ఇసుకలో బోర్లా పడుకున్నాను. మోచేతులు కాలాయి.
హమూద్ చూసి, చంపెయ్ అన్నాడు.
రేపు అన్నాను. మర్నాడూ రేపే అన్నాను.
రోజుకు ఏడెనిమిది ఈగలు పోతున్నాయని
ఆయనకు చెప్పలేదు.

ఇరవై రోజులకు ఆమె:
"ఇలాంటి రెక్క నేను చూడలేదు.
కొత్తదేమో. కాకపోనూ వచ్చు.
ఇది ఆడది. మగదాని తోక కొస చూడందే పేరు చెప్పను."
కులం వరకూ రాసి, పక్కన చుక్క పెట్టింది.

మగది రాలేదు. ఏప్రిల్ ఎండకు ఆడదీ పోయింది.
మళ్లీ మార్చికే.
నా పతాకా కార్డు జనవరితో సరి.

కొత్తగా వచ్చిన మొఫిజుల్‌కు
పొగడబ్బా ఇచ్చాను, పెట్టెల లెక్క అప్పజెప్పాను.
తర్వాత పదిహేడో దాని దగ్గరికి తీసుకెళ్లి
ఎండుపుల్ల చూపించాను.
"పొద్దున పడమర నుంచి రా, నీడ దాని మీద పడనీకు.
దానికంటే కిందికి ఒంగు.
మీసం పక్కనుంచి తియ్యి. తోక కొస మర్చిపోకు."

వాడు బుద్ధిగా ఒంగి
ఆ ఉత్త పుల్లను ఫోటో తీశాడు.
బాగా వచ్చింది.